నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శిక్ష కాదా?

ప్రశ్న: నలభై దాటాక సైకాలజీ మొదలుపెట్టాను. రెండు రోజులుగా ఇక్కడే ఇరుక్కుపోయాను. హోంవర్క్ చేయలేదని మావాడి ఫోన్ లాక్కున్నాను. నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్‌కి అదే ఉదాహరణగా రాస్తే మార్కు పోయింది. ఎందుకు?

జవాబు 1: మీరు తగ్గించాలనుకున్నది హోంవర్క్ ఎగ్గొట్టడం. ప్రవర్తన తగ్గితే అది శిక్షే. ఇష్టమైనది తీసేశారు కాబట్టి నెగటివ్ శిక్ష. రీఇన్‌ఫోర్స్‌మెంట్ అయితే ప్రవర్తన పెరగాలి. నెగటివ్ అంటే చెడ్డదని కాదు, తీసివేత, లెక్కల్లో మైనస్ లాగా. సైకాలజిస్టు స్కిన్నర్ ప్రయోగాలకు వాడిన పెట్టెలో ఎలుక మీట నొక్కగానే కాళ్ల కింద కరెంటు ఆగిపోతుంది. ఇక మీట నొక్కడం పెరుగుతుంది.

జవాబు 2: "చదివావా, చదివావా" అని సణుగుతూ, వాడు పుస్తకం తీయగానే ఆపేస్తారా? అదీ నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్!

ప్రశ్న అడిగినవారు: సణుగుతాను, ఒప్పుకుంటున్నా. ఇంకో డౌటు. వాడు ఏడుపు లంకించుకుంటే ఫోన్ ఇచ్చేస్తాను, ఏడుపు ఆగుతుంది. అంటే వాడే నాకు ట్రైనింగ్ ఇస్తున్నాడా?

జవాబు 1: అవునండీ. మీకు గోల తప్పింది, అది నెగటివ్. వాడికి ఫోన్ దొరికింది, అది పాజిటివ్, అంటే ఇష్టమైనది చేరడం, ప్లస్ లాగా. ఇద్దరి అలవాటూ గట్టిపడుతోంది. ఒకసారి ఇచ్చి ఒకసారి ఇవ్వకపోతే ఆ ఏడుపు మాన్పించడం ఇంకా కష్టం.