నాన్నగారికి కరిగే స్టెంట్ వేశారు, సీటీలో చుక్కలు మాత్రమే కనిపిస్తున్నాయి

ప్రశ్న:
2014లో హైదరాబాదులో మా నాన్నగారికి గుండె నాళంలో అబ్సార్బ్ అనే కరిగే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) వేశారు. మూడేళ్లలో కరిగిపోతుందన్నారు. మొన్న ఆయాసం వస్తే సీటీ యాంజియో (గుండె నాళాల స్కాన్) తీయించాం. రిపోర్టులో స్టెంట్ ఊసే లేదు, "రెండు చోట్ల చిన్న లోహపు చుక్కలు" అని రాశారు. విరిగిన ముక్కలేమోనని అమ్మకి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
నేను స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్‌లో టెక్నీషియన్‌నండి. అవి ముక్కలు కావు, అమ్మగారికి చెప్పండి. ఆ స్టెంట్ పాలీలాక్టైడ్ అనే ప్లాస్టిక్, ఎక్స్‌రేకి చిక్కదు. వేసేటప్పుడు ఎక్కడుందో మాకు తెలియాలి కదా, అందుకని రెండు చివర్లా రెండేసి ప్లాటినం చుక్కలు పెట్టారు. ప్లాస్టిక్ మెల్లగా లాక్టిక్ ఆమ్లంగా విడిపోయి, ఆఖరికి నీరు, కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. ప్లాటినం మాత్రం నాళం గోడలోనే ఉండిపోతుంది, దానివల్ల ఇబ్బందేం లేదు. పైగా లోహపు స్టెంట్ ఉంటే సీటీలో దాని మెరుపుకి లోపలి దారి సరిగ్గా కనపడదు. మీకు ఆ గొడవ లేదు.

ఇంకొకరు:
ఆ స్టెంట్ మార్కెట్లోంచి తీసేశారుగా?

టెక్నీషియన్:
అవునండి. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, 2017లో కంపెనీయే అమ్మకం ఆపేసింది. దాని జాలీ పుల్లలు 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం, సన్నటి నాళాల్లో రక్తం గడ్డకట్టడం ఎక్కువైంది. కనపడకపోవడం కూడా సగం కారణమని నా అభిప్రాయం. గోడకి సరిగ్గా ఆనిందా లేదా అన్నది చుక్కలు చూసి చెప్పలేం. ఓసీటీ వైరు (నాళం లోపలి నుంచి కాంతితో బొమ్మ తీసేది) లోపలికి పంపితే పుల్లలు చిన్న నల్ల పెట్టెల్లా కనపడతాయి, కానీ దాని ఖర్చు వేరే, అందరికీ చేయరు. తర్వాత రేవా కంపెనీ ఫాంటమ్ స్టెంట్ పాలిమర్‌లోనే అయోడిన్ కలిపింది, అది మొత్తం ఎక్స్‌రేలో కనపడుతుంది. ఇది మొదట్లోనే చేసుండాల్సింది! మన దేశంలో వాపిలోని మెరిల్ వాళ్ల మెరెస్100లో పుల్లలు 100 మైక్రాన్లకి తగ్గాయి, గుర్తు చుక్కలు మాత్రం చివర్లలోనే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండి. ఎంఆర్ఐ తీయొచ్చా మరి?

టెక్నీషియన్:
ప్లాటినాన్ని అయస్కాంతం లాగదు. అయినా పాత స్టెంట్ కార్డు తీసుకెళ్లి చూపించండి. ముందు రిపోర్టులో ఆ చుక్కల మధ్య ఇరుకు ఎంతని రాశారో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
"20 నుంచి 30 శాతం" అని ఉంది.

టెక్నీషియన్:
అయితే అక్కడ దారి బాగానే ఉన్నట్టే. ఆయాసానికి కారణం ఇంకోటి అయ్యుండొచ్చు, కార్డియాలజిస్టుని ఆలస్యం చేయకుండా కలవండి. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీశారా?