విజిట్ వీసా మీద దుబాయి పోవచ్చా? బాపు వద్దంటుండు

కోరుట్ల_పోరడు:
నాకు 22 ఏండ్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్. హైదరాబాద్‌ల ఒక కాంట్రాక్టర్ దగ్గర అపార్ట్‌మెంట్లకు వైరింగ్ పని, నెలకు 14,000. కుషాయిగూడల రూం కిరాయి, తిండి, పెట్రోల్ పోను ఇంటికి పంపేది ఏం లేదు. ఊర్లె ఏజెంటు దుబాయిల పనుందంటుండు. 1,200 దిర్హాంలు, రూం కంపెనీది, తిండి మనది. 1,20,000 అడుగుతుండు. ముందుగాల విజిట్ వీసా మీద పోవాలె, పోయినంక కంపెనీ వీసా కొడ్తరట.

బాపు పదేండ్లకు పైన మస్కట్‌ల చేసిండు. స్లాబు ఇల్లు, బోరు, అక్క పెండ్లి, అన్నీ ఆ పైసలే. "నేను పోయిందే నువ్వు పోవద్దని" అంటడు. ఆకలికైతే పోతలేను, గది నిజం. ఊర్లె ఉండి పసుపు ఏస్తే పిల్లనియ్యరు. ఇప్పుడు దుబాయోనికి గూడ ఇస్తలేరనుకో, సాఫ్ట్‌వేరే కావాలె వాళ్లకు! రెండేండ్లు చేసొచ్చి సొంతంగ కాంట్రాక్టు పట్టాలని ఉంది. నా సోపతిగాళ్లు గూడ అందరు రెండేండ్లే అంటరు. బాపుది గూడ అట్లనే మొదలైందట.

దోహా_కాంచి:
తమ్మీ, దుబాయి వద్దంటలేను, విజిట్ వీసా వద్దంటున్న. దాని మీద పని చేస్తే చట్టం ఒప్పదు, దొరికితే ఇరుక్కునేది నువ్వే, ఏజెంటు కాదు. ఇంకోటి, పది పాసైనవ్ గాబట్టి నీది ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కరలేదు. సులువే అనిపిస్తది గని, పోయేముందు నీ కాంట్రాక్టు కాయితం చూసెటోడు గూడ ఉండడు. కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ సైట్ల మీ ఏజెంటుకు లైసెన్స్ ఉందా చూడు. లైసెన్స్ ఉన్నోడు తీసుకోవాల్సింది ఎక్కువల ఎక్కువ 30,000, మీద జీఎస్టీ. నువ్వు 1,20,000 నూటికి రెండు మిత్తికి తెస్తే నెలకు 2,400 మిత్తికే పాయె.

కరీంనగర్_నర్సు:
నేను నర్సింగ్ చేసి జర్మన్ నేర్చుకుంటున్న. మా కాక దుబాయి పోయిననాడు ఇంటిల్లిపాది ఏడ్చిండ్రు. నేను జర్మనీ అనంగనే వాడకట్టంత మిఠాయి పంచిండ్రు. ఇద్దరం ఇల్లిడిసి పోయెటోళ్లమే కదా! టామ్‌కామ్ ఆఫీసుల అడుగు తమ్ముడు, అది మన రాష్ట్ర సర్కారుదే. గల్ఫే కాదు, జపాన్, జర్మనీకి గూడ పంపుతరు. భాషకు మాత్రం టైం పడ్తది.

మెట్‌పల్లి_మామ:
లైసెన్స్ నంబరు అడిగి చూడు అల్లుడా. ఫోనెత్తితే చెప్పు.

కోరుట్ల_పోరడు:
ఎత్తిండు మామా. "నమ్మకం లేకుంటే ఉండు, లైన్ల ఇంకా పది మంది ఉన్నరు" అన్నడు. పాస్‌పోర్టు ఆయన దగ్గరనే ఉంది, రేపు బాపును తోల్కపోయి తెచ్చుకుంట. అక్కా, జపాన్‌ల ఎలక్ట్రీషియన్లకు గూడ ఉంటదా? భాష నేర్చుకునేదాక పని ఇడిసిపెట్టాల్నా, రాత్రి క్లాసులేమన్న ఉంటయా?