నీటి విద్యుద్వాహకతను కొలిచే సర్క్యూట్: రీడింగ్ ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అందరికీ నమస్కారం. ప్రాణహిత నీటినీ, ఊళ్లోని బోర్ల నీటినీ పోల్చి చూసే చిన్న పరికరాన్ని మా బడి పిల్లల చేత చేయించాలని ప్రయత్నిస్తున్నాను. ప్లాస్టిక్ మూతకు రెండు స్టీలు స్క్రూలు బిగించి, వాటికి వరుసగా 1 కిలోఓమ్ రెసిస్టరు కలిపి, ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) 5 వోల్టుల పిన్ను నుంచి కరెంటు ఇస్తూ, మధ్య బిందువు దగ్గర వోల్టేజీ చదువుతున్నాము. స్క్రూలను నీళ్లలో ముంచగానే ఒక అంకె వస్తుంది, కాసేపటికి అది మెల్లగా జరిగిపోతుంది. తీసి తుడిచి మళ్లీ ముంచితే మొదటి అంకెకు దగ్గరగా వస్తుంది. స్క్రూల మీద సన్నని బుడగలు కూడా కనిపిస్తున్నాయి. దీనికి కారణమేమిటి? వచ్చిన అంకెను విద్యుద్వాహకతకు కొలమానమైన మైక్రోసీమెన్స్‌లోకి ఎలా మార్చాలి?

జవాబు (పర్లాకిమిడి)

మాస్టారూ, మీ సర్క్యూట్‌లో లోపం లేదు, ఇస్తున్న కరెంటు డీసీ, అంటే ఒకే దిశలో పోయేది కావడమే చిక్కు. కరెంటు ఒకే దిశలో పోతున్నంత సేపూ నీరు విద్యుద్విశ్లేషణ చెందుతుంది, అంటే కరెంటు వల్ల విడిపోతుంది. ఒక స్క్రూ మీద హైడ్రోజన్, మరొకదాని మీద ఆక్సిజన్ చేరి, అయాన్లు కూడా అక్కడే పోగుపడి, మీరు కొలిచే నిరోధం నీటిది కాకుండా స్క్రూ ఉపరితలానిది అయిపోతుంది. మల్టీమీటరుతో నీటి నిరోధం సరిగ్గా తేలకపోవడానికి కారణమూ ఇదే.

5 వోల్టుల పిన్నును వదిలేసి రెండు డిజిటల్ పిన్నులు వాడండి. మొదటి పిన్ను, 1 కిలోఓమ్ రెసిస్టరు, వోల్టేజీ చదివే ఏ0 పిన్నుకు వెళ్లే మధ్య బిందువు, స్క్రూల జత, రెండో పిన్ను, ఇదీ వరుస. మొదటిది హై (5 వోల్టులు), రెండోది లో (సున్నా వోల్టులు) చేసి, వెంటనే రీడింగ్ తీసుకుని, సుమారు 500 మైక్రోసెకన్లు గడిచాక రెండింటినీ తారుమారు చేసి అంతే సేపు ఉంచండి. ఈ రెండు వ్యవధులు సమానంగా లేకపోతే కొంత డీసీ మిగిలిపోయి పాత బాధే తిరిగి వస్తుంది. కొలత అయిపోగానే రెండు పిన్నులనూ లో చేయాలి. మొదటి దిశలో వచ్చిన రీడింగ్ ఎన్ అయితే (5 వోల్టులకు బోర్డు చూపే అంకె 1023) నీటి నిరోధం = 1000 × ఎన్ ÷ (1023 − ఎన్) ఓమ్‌లు. రాగి తీగ మాత్రం వాడవద్దు, అది నీటిలో కరిగి రీడింగ్‌ను పాడుచేస్తుంది.

జవాబు (రాయగడ)

నిరోధం నుంచి విద్యుద్వాహకతకు వెళ్లాలంటే మీ స్క్రూల జతకు సెల్ స్థిరాంకం, అంటే వాటి ఆకారం, దూరం, లోతులను బట్టి ఉండే గుణకం తేల్చాలి. స్క్రూల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి లెక్కవేయడం కంటే, తెలిసిన ద్రావణంలో ముంచి చూడడమే నయం. లీటరు ద్రావణంలో 0.746 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉండేలా డిస్టిల్డ్ వాటర్‌తో కలిపితే, 25 డిగ్రీల వద్ద దాని వాహకత సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్. అందులో మీకు 850 ఓమ్‌లు వచ్చిందనుకుందాం. 1413 మైక్రోసీమెన్స్ అంటే 0.001413 సీమెన్స్ కనుక 850 × 0.001413, అంటే సుమారు 1.2 మీ స్థిరాంకం. తరువాత ఏ నీటికైనా 1.2ను దాని నిరోధంతో భాగించి పది లక్షలతో గుణిస్తే సరిపోతుంది. స్క్రూలను ప్రతిసారీ ఒకే లోతుకు ముంచాలి, లేకపోతే స్థిరాంకమే మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

మా దగ్గర లేబొరేటరీ రసాయనాలు దొరకడం కష్టం. ఎరువుల దుకాణంలోని పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే కదా, అది పనికి వస్తుందా?

జవాబు (రాయగడ)

పనికి రాదు. అందులో సోడియం క్లోరైడ్ కొంత కలిసే ఉంటుంది. ఎర్రగా ఉండే రకానికి ఆ రంగు ఇనుప ఆక్సైడ్ వల్ల వస్తుంది. దగ్గరలోని డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర విభాగాన్ని అడగండి, మీకు కావలసింది ఒక గ్రాముకు లోపే.

జవాబు (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

ఉష్ణోగ్రతను మరవకండి. డిగ్రీ పెరిగితే వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి, మన ఎండల్లో 35 డిగ్రీలకు చేరిన నీటి రీడింగ్‌ను 1.2తో భాగించి 25 డిగ్రీల విలువకు తేవాలి. లేకపోతే ఉదయం తెచ్చిన నది నీటికీ మధ్యాహ్నం తెచ్చిన బోరు నీటికీ పోలికే కుదరదు.

మరొక మాట పిల్లలకు ముందే చెప్పాలి. వాహకతను 0.5 నుంచి 0.7 వరకు ఉండే గుణకంతో గుణిస్తే కరిగిన లవణాల మొత్తం లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఉజ్జాయింపుగా తెలుస్తుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది 500 లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్ సంగతి మాత్రం ఈ పరికరం చెప్పలేదు. అనుమతి పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వాహకతను పెంచేది పది మైక్రోసీమెన్స్ లోపే, వేయి మైక్రోసీమెన్స్ చూపించే బోరు నీటిలో దాన్ని పసిగట్టడం అసాధ్యం. మా జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్న బోర్లు ఉన్నాయి కనుక, తక్కువ అంకె చూపించినంత మాత్రాన ఆ నీరు తాగవచ్చని పిల్లలు ఇంట్లో చెప్పకుండా చూడండి. ఫ్లోరైడ్ కోసం నమూనాను విడిగా నీటి పరీక్షల ప్రయోగశాలకు పంపాల్సిందే.