సొంతంగా కట్టిన మైకు కేబుల్‌లో హోరు, పీల గొంతు

ప్రశ్న:
మా రామాలయంలో భజనకు వాడే డైనమిక్ మైకు కోసం 15 మీటర్ల షీల్డ్ కేబుల్ తెచ్చి, మైకు వైపు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టరు, ఆంప్లిఫయరు వైపు 6.35 మిల్లీమీటర్ల మోనో జాక్ నేనే టంకం వేశాను. 1వ పిన్నుకు షీల్డ్ (తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక), 2వ పిన్నుకు ఎర్ర తీగ, 3వ పిన్నుకు తెల్ల తీగ కలిపాను. జాక్ కొనకు ఎర్ర తీగ, ఒంటికి షీల్డ్ ఇచ్చాక తెల్ల తీగకు చోటు కనిపించక దాన్ని కత్తిరించాను. ఇప్పుడు గొంతు పీలగా వినిపిస్తోంది, దాని మీద హోరు. కేబుల్ మార్చాలంటారా?

మొదటి జవాబు:
కేబుల్‌ను అనకండి, లోపమంతా ఆ కత్తిరించిన తెల్ల తీగలో ఉంది. మైకు లోపలి కాయిల్ రెండు కొనలూ 2, 3 పిన్నులకే వస్తాయి కాబట్టి తెల్ల తీగ తెగితే సిగ్నల్‌కు తిరుగు దారి ఉండదు. దాన్ని షీల్డ్‌తో కలిపి జాక్ ఒంటికి టంకం వేయండి. ముందుగా జాక్ తొడుగును కేబుల్‌కు ఎక్కించడం మరవకండి. అది మరిచి, చక్కగా కుదిరిన టంకాన్ని విప్పుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. ఎక్స్‌ఎల్‌ఆర్‌కు టంకం వేసేటప్పుడు దాని జోడీ కనెక్టరును తగిలించి ఉంచితే, వేడికి ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు పక్కకు ఒరగవు. చివర మైకు తీసేసి మల్టీమీటరుతో చూడండి: జాక్ కొనకూ ఒంటికీ మధ్య బీప్ రాకూడదు.

రెండో జవాబు:
పై సలహాతో గొంతు నిండుగా వస్తుంది కానీ, 15 మీటర్ల దూరానికి ఆ పద్ధతి నాకు నచ్చదు. రెండు తీగలూ ఒకే హోరును సమానంగా పట్టుకుంటే, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ వాటి తేడాను మాత్రమే తీసుకుంటుంది గనుక హోరు కొట్టుకుపోతుంది. మోనో జాక్‌తో ఆ మేలు పోతుంది. చివరిదాకా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులే నడిపి, ఆంప్లిఫయరు దగ్గర చిన్న మైకు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టరు పెట్టుకోవడం మేలు. 3వ పిన్ను షీల్డ్‌తో కలిసిన కేబుల్‌ను మాత్రం ఏ అడాప్టరు ద్వారానైనా 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ గుండానే మైకుకు పంపే విద్యుత్తు) ఉన్న మిక్సరుకు తగిలించకండి; కాయిల్ గుండా కరెంటు పారి మైకు దెబ్బతినవచ్చు.

అడిగినవారు:
తెల్ల తీగ కలపగానే గొంతు నిండుగా వచ్చిందండి. మిగిలిన సన్నటి హోరు, సీరియల్ బల్బుల తీగ పక్కనే పరిచిన కేబుల్‌ను అవతలి గోడ వెంట మార్చాక చాలావరకు తగ్గింది. ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టరు శనివారం భజన లోపు తెస్తాను.