నెలలు నిండాక నొప్పులు రప్పించడానికి జెల్ మేలా, మాత్ర మేలా?

చిత్తూరు నివాసి:
మా ఇంటావిడకు ఇది తొలి కాన్పు. 41 వారాలు నిండినా నొప్పులు రాలేదు. గర్భాశయ ముఖద్వారం ఇంకా గట్టిగానే ఉన్నదని, అది మెత్తబడడానికి మందు వాడాలని ఇక్కడి డాక్టరమ్మ జెల్ రాశారు. తిరుపతిలో చూపిస్తే మిసోప్రోస్టాల్ మాత్ర అన్నారు. అది కడుపులో పుండ్లకు వాడే మాత్ర అని మందుల షాపులో చెప్పారు. చవకగా వస్తుందని మా మీద ప్రయోగం చేస్తున్నారా?

తిరుపతి, కాన్పుల వార్డు నర్సు:
ప్రయోగం కాదు తమ్ముడూ. 1988లో అమెరికాలో ఆ మాత్రకు కడుపు పుండ్ల కోసమే అనుమతి వచ్చిన మాట నిజమే. కానీ నేడు నొప్పులు రప్పించడానికి 25 మైక్రోగ్రాముల చొప్పున రెండు గంటలకొకసారి నోటి ద్వారా ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫారసు చేస్తోంది. నాగపూర్‌లో బీపీ ఉన్న 602 మంది గర్భిణులపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మాత్ర మింగిన వారిలో 57 శాతం మందికి, ముఖద్వారం తెరుచుకోవడానికి అందులో ఫోలీ బెలూన్ (నీటితో ఉబ్బించే చిన్న బుడగ) పెట్టిన వారిలో 47 శాతం మందికి 24 గంటల్లోపు సహజ కాన్పు అయింది.

నా భయమంతా మోతాదు గురించే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో 25 మైక్రోగ్రాముల మాత్ర మా చేతికి అందేది కాదు. 200 మైక్రోగ్రాముల మాత్రను కాగితం మీద పెట్టి బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేసేవాళ్లం. ఒక ముక్క గోటి అంచంత ఉంటే ఇంకొకటి దానికి రెట్టింపు ఉండేది, మిగిలినదంతా కాగితం మీద పొడి. పెద్ద ముక్క పడిన తల్లికి పది నిమిషాల్లో ఆరేడు నొప్పులు వచ్చి, బిడ్డ గుండె చప్పుడు పడిపోవడం నేను కళ్లారా చూశాను. అదే మాత్రను 200 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, బాగా కలిపి, 25 మిల్లీలీటర్లు కొలిచి తాగిస్తే ఆ హెచ్చుతగ్గులు రావు.

పలమనేరు వైద్యురాలు:
సిస్టర్, మీరు చెప్పిన ఆ కారణంగానే నేను జెల్‌ను ఎంచుకుంటాను. అందులోని మందు డైనోప్రోస్టోన్, అర మిల్లీగ్రాము సిరంజిలో కొలిచి ఉన్నదే వస్తుంది. మళ్లీ పెట్టాలంటే ఆరు గంటలు ఆగుతాము కాబట్టి, రాత్రిపూట ఒక్క నర్సు ఉండే చిన్న ఆసుపత్రిలో రెండు గంటలకొక మోతాదు కంటే అది తేలిక. ఇంతకుముందు సిజేరియన్ అయిన వారికైతే పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం ఉన్నందున మిసోప్రోస్టాల్ అసలే ఇవ్వకూడదు.

తిరుపతి, కాన్పుల వార్డు నర్సు:
సిజేరియన్ విషయంలో మీ మాటే నా మాట, మేడమ్. కానీ జెల్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి కదా, ఎండాకాలంలో గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లలో ఆ ఫ్రిజ్‌ను ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? పైగా నొప్పులు మితిమీరితే పెట్టిన జెల్‌ను పూర్తిగా వెనక్కి తీయలేము, నోటి మాత్రకైతే కనీసం తరువాతి మోతాదు ఆపేయవచ్చు.

తమ్ముడూ, ఏ మందైనా సరే, చేర్చే ముందు మూడు విషయాలు అడగండి: మోతాదు ఎంత, రాత్రి బిడ్డ గుండె చప్పుడు ఎవరు చూస్తారు, ఉన్నపళంగా ఆపరేషన్ చేయవలసి వస్తే మత్తు డాక్టరు అక్కడే ఉంటారా? మీ చిత్తూరులో ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే జెల్‌తోనే నిశ్చింతగా కానివ్వండి. దొరకకపోతే మందు పెట్టకముందే తిరుపతికి తీసుకురండి. పెట్టాక ఆ దారిలో ప్రయాణం వద్దు.