16 అడుగుల గ్యారేజీలో స్పోర్ట్స్ కారు: కట్టుకోవాలా, కట్టింది కొనుక్కోవాలా?

మూడోగేరు (రీడింగ్, యూకే)

మా ఇంటికి ఆనుకుని ఒక సింగిల్ గ్యారేజీ ఉంది. టేపు పెట్టి కొలిచాను. పొడవు 4.9 మీటర్లు, వెడల్పు 2.4. ఈ దేశంలో చాలా ఇళ్ళకుండే 16 బై 8 అడుగుల కొట్టే. ప్రస్తుతం అందులో ఒక పెద్ద చెస్ట్ ఫ్రీజర్, నాలుగు సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, పిల్లాడి పాత సైకిలు ఉన్నాయి. కారు మాత్రం ఏనాడూ పెట్టింది లేదు.

అందులో ఒక సెవెన్ కిట్ తెప్పించి సొంతంగా కట్టుకోవాలని ఎప్పటినుంచో ఆశ. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. 1957లో లోటస్ కంపెనీ తెచ్చిన రెండు సీట్ల బుల్లి కారు సెవెన్. అప్పట్లో తయారైన కారు కొంటే పర్చేజ్ టాక్స్ పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. అందుకని జనం పెట్టెల్లో తెచ్చుకుని ఇంట్లో బిగించుకునేవారు. బిగించే సూచనలు ఇవ్వకూడదు కాబట్టి కంపెనీ విడదీసే సూచనలు ఇచ్చేదని, వాటిని చివరినుంచి మొదటికి చదువుకునేవారని చెప్పుకుంటారు. 1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ వాళ్ళ చేతికొచ్చాయి. ఇప్పటికీ కిట్‌గా అమ్ముతున్నారు.

ఆఫీసులో స్నేహితుడేమో "ఆ కొట్టులో నువ్వు తిరగడానికే చోటు లేదు, కట్టిన కారు కొనుక్కుని హాయిగా నడుపుకో" అంటున్నాడు. నాకు స్పానర్ పట్టుకోవడం వచ్చు, అంతకుమించి అనుభవం లేదు. మీరేమంటారు?

పాతసామాన్లు (లెస్టర్)

మీ స్నేహితుడు చెప్పింది అక్షరాలా నిజం.

కొత్త కిట్ అయితే పెట్టె తెరవకముందే 20 వేల పౌండ్లు దాటుతుంది. ఎవరో మూడేళ్ళు కష్టపడి కట్టి, ఎండాకాలంలో నాలుగుసార్లు నడిపి, నడుము నొప్పి వచ్చి అమ్మకానికి పెట్టిన, సెవెన్ తరహా వెస్ట్‌ఫీల్డ్ లాంటివి దానిలో సగానికే వస్తాయి. నేను అలాగే కొన్నాను. రిజిస్ట్రేషన్ అయిపోయింది, కారడం, శబ్దాలు రావడం ఆగిపోయాయి, కట్టినాయన చేసిన తప్పులన్నీ ఆయనే సరిదిద్దుకున్నాడు. ఇక మీరు కట్టేదేముంది? అన్ని ముక్కలూ పెట్టెలో వస్తాయి, నంబరు చూసి బిగిస్తారు. దాన్ని "కారు కట్టాను" అనుకోవడం నాకు కొంచెం అతిగానే అనిపిస్తుంది.

కంపెనీ వాళ్ళు 80 నుంచి 100 గంటలు అంటారు. ఉద్యోగం, పిల్లాడు ఉన్న మనిషికి ఆ వంద గంటలు దొరకడానికే ఏడాది పడుతుంది.

నట్టూబోల్టూ (మిల్టన్ కీన్స్)

మీ గ్యారేజీ కొలతే నాదీ. కట్టాను. కాబట్టి పట్టదు అనే మాట పక్కన పెట్టేయండి.

సెవెన్ మామూలు ఛాసిస్ పొడవు 3.1 మీటర్లు, వెడల్పు 1.575. కాగితం మీద లెక్కేస్తే రెండు పక్కలా చెరో 40 సెంటీమీటర్లే మిగులుతుంది, గుండె జారిపోతుంది. అయితే ఆ వెడల్పు చక్రాలూ వింగులూ (మడ్‌గార్డులు) కలిపి. అవి పెట్టేది చివర్లో. అప్పటిదాకా స్టాండ్ల మీద ఉండేది సన్నటి ఇనప పంజరం, దాని చుట్టూ సుఖంగానే తిరగొచ్చు. అసలు తంటా కారుతో కాదు, పెట్టెలతో. బానెట్టు, ముక్కు, నాలుగు వింగులు, సీట్లు, విండ్‌స్క్రీను అన్నీ మొదటిరోజే వస్తాయి, వాడేది ఆర్నెల్ల తర్వాత. మా పడకగది మంచం కింద రెండు వింగులు ఏడు నెలలు పడుకున్నాయి.

గ్యారేజీలో నిజంగా కుదరని పని ఒకటే, ఇంజను దించడం. ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి ఒకే ముద్దగా ముందు వైపు నుంచి దించుతారు. 3.1 మీటర్ల కారు ముందు ఇంజను క్రేను పెడితే మొత్తం పొడవు సరిగ్గా గోడకి తగులుతుంది. అందుకని తలుపు తీసి, ఛాసిస్‌ని సగం బయటికి లాగి ఇంటి ముందు డ్రైవ్‌వేలో చేశాం. నేను ముందున్నాను, తమ్ముడు పక్కన పడుకుని చూస్తున్నాడు. గేర్‌బాక్సు తోక ముందు నేలకేసి వంగాలి, సీట్ల మధ్య టన్నెల్లోకి దూరాక ఒక్కో అంగుళం లేపుతూ రావాలి. క్రేను హ్యాండిల్ అర చుట్టు, ఆగు, చూడు, మళ్ళీ అర చుట్టు. రంగు గీసుకోకుండా ఛాసిస్ గొట్టాలకి పాత అట్టపెట్టెలు చుట్టి టేపేశాం. రెండు గంటలనుకున్నది ఐదున్నర గంటలు పట్టింది, మధ్యలో చినుకులు. ఇంజను మీద గొడుగు, మా మీద ఏమీ లేదు.

ఇక పాతసామాన్లు గారు "నంబరు చూసి బిగించడమే" అన్నారు. వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్ ఒకటి బిగించి అప్పుడు చెప్పండి. అది ఛాసిస్‌కి సరిగ్గా నడిమధ్యకి రావాలి, దానికి రెండు పక్కలా వాషర్లు వెయ్యాలి. ఆ సందులోకి వేలు పట్టదు. వాషర్‌కి గ్రీజు రాసి ఫీలర్ గేజికి (సందు కొలిచే పల్చటి రేకు) అంటించి లోపలికి తోస్తాం. పొడుగు బోల్టు ఇటునుంచి దూరుస్తుంటే అటు పక్క వాషరు టింగుమని నేలమీద పడుతుంది. నాకు పదకొండోసారికి నిలిచింది. పన్నెండోసారి కూడా పడిందని మా ఆవిడ అంటుంది, నాకు గుర్తులేదు.

ఆవకాయజాడీ (స్లౌ)

ఇలాంటి చర్చల్లో ఇంట్లోవాళ్ళని ఎవరూ అడగరు, అందుకని నేనే చెబుతున్నాను. మా వారు కట్టారు. కారు గ్యారేజీలోనే ఉంది, గ్యారేజీలో ఉండాల్సినవి మాత్రం ఇంట్లోకి వచ్చాయి. సూట్‌కేసులు హాల్లో, బియ్యం బస్తాలు మెట్ల కింద. బోల్టులు, రివిట్లు సైజులవారీగా పెట్టుకోవడానికి నా పచ్చడి సీసాలు పద్నాలుగు పోయాయి. బాగానే సర్దుకున్నారులెండి, మూతమీద ఎం6, ఎం8 అని మార్కరుతో రాసి మరీ. ఒక సీసా మీద మాత్రం ఇంకా "గోంగూర" అనే ఉండేది, అందులో బ్రేకు పైపుల క్లిప్పులు.

నేను కట్టొద్దు అనడం లేదు. తమ్ముడూ, ఆర్డరు పెట్టేముందు ఆ గ్యారేజీ ఒక నెల ఖాళీగా ఉంచి చూడు. ఉంచగలిగితే కట్టు.

కృష్ణలంక (విజయవాడ)

నేను పుట్టింది ఆటోనగర్ పక్కన, మా నాన్న లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేశారు. కంపెనీ నుంచి వచ్చేది ఛాసిస్, ఇంజను, స్టీరింగు మాత్రమే. దాన్ని తోలుకొచ్చే డ్రైవరు మొహానికి తువ్వాలు చుట్టుకుని, చెక్క సీటు మీద కూర్చుని వందల కిలోమీటర్లు వచ్చేవాడు. తర్వాత బాడీ కట్టేది మావాళ్ళు. ముక్కలు వేరేవాడు చేశాడు కాబట్టి అది కట్టడం కాదు అని ఆటోనగర్‌లో అంటే మీకు టీ కూడా పోయరు, పాతసామాన్లు గారూ.

ఒక తేడా ఉంది. అక్కడ కార్పెంటర్ వేరు, టింకరింగ్ వేరు, వైరింగ్ వేరు, పెయింటర్ వేరు. ఒక్కడే అన్నీ చేయడం ఎక్కడా చూడలేదు. మీ గ్యారేజీ కష్టం చోటు తక్కువవడం కాదు, ఆ నలుగురూ మీరొక్కరే కావడం. ఏ పని మీ వల్ల కాదో ముందే ఒప్పుకుని దానికి డబ్బిచ్చెయ్యండి. నా మాటైతే పెయింటు. రెండు డబ్బాలు కలిపి కొట్టే టూ-ప్యాక్ పెయింటులో ఊపిరికి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్కు ఆపలేదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి. ఇంటికి అతుక్కున్న కొట్టులో అసలే వద్దు.

టెక్సాస్ తాటిముంజె (ఫ్రిస్కో)

మీరు అనుభవిస్తున్నది కష్టం కాదండీ. మాకు రెండు కార్ల గ్యారేజీ ఉంది, అయినా చాల్లేదు. నాది మసాచుసెట్స్‌లోని వేర్‌హామ్ నుంచి ఫ్యాక్టరీ ఫైవ్ వాళ్ళు పంపే రోడ్‌స్టర్ కిట్. దానికి ఫైబర్ బాడీ మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. ఛాసిస్ పని అయ్యేదాకా అది తీసి పక్కన పెట్టాలి, అంటే రెండో కారు చోటు దానికే పోయింది. చక్రాల బల్ల చేసి వెనక పెరట్లోకి తోశాను. మర్నాడే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరం.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ముందే చూసుకోండి, అక్కడ పొగ నిబంధనల్లో ప్రత్యేక మినహాయింపు ఏడాదికి 500 బండ్లకే ఇస్తారు.

కూకట్‌పల్లి క్లచ్ (హైదరాబాద్)

బ్రదర్స్, ఇదే పని ఇక్కడ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేస్తే రిజిస్ట్రేషన్ అవుతుందా? ఇంజనీరింగ్‌లో మా టీమ్‌తో విద్యార్థుల బాహా పోటీకి బగ్గీ కట్టి మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ తీసుకెళ్ళాం, వెల్డింగ్ వచ్చు.

నట్టూబోల్టూ (మిల్టన్ కీన్స్)

వెల్డింగ్ రావడం చాలదు బ్రదర్. ఇండియాలో ప్రతి మోడలుకీ, బండ్లని పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి సంస్థ టైప్ అప్రూవల్ (ఆ మోడల్ రోడ్డుకి తగినదనే ఆమోదం) ఇవ్వాలి. అది కంపెనీలకి సాధ్యం, ఇంట్లో ఒక్క బండి కట్టుకునేవాడికి కాదు. ఉన్న బండినే మార్చి కట్టుకుందామన్నా, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కట్టి ట్రాలీ మీద కోయంబత్తూరు కరి రేస్ ట్రాక్‌కి తీసుకెళ్ళి నడుపుకోవచ్చేమో గానీ, మియాపూర్ రోడ్డు మీద కుదరదు.

ఇక్కడ బ్రిటన్‌లో మనబోటివాళ్ళకి ఐవీఏ అనే పరీక్ష ఉంది. ఒక్క కారుకి ఒక్క పరీక్ష, ఫీజు 450 పౌండ్లు. సొంతంగా కట్టావని నమ్మించాలి కాబట్టి రోజూ ఫోటోలు తీసుకోండి, బిల్లు ఒక్కటి కూడా పారేయకండి. బయట మనిషికి తగిలే చోట ఏ అంచూ 2.5 మిల్లీమీటర్ల గుండ్రం కంటే వాడిగా ఉండకూడదు. తగులుతుందా లేదా అని 100 మిల్లీమీటర్ల బంతిని ఆనించి చూస్తారు. నేను మొదటిసారి ఫెయిలయ్యింది ఇంజను మీద కాదు, బ్రేకు మీద కాదు. ముందు సస్పెన్షన్‌లో ఒక్క బోల్టు తలకి ప్లాస్టిక్ టోపీ పెట్టడం మరిచాను.

పాతసామాన్లు (లెస్టర్)

చూశారుగా, 11 సార్లు వాషరు, ఐదున్నర గంటలు ఇంజను, ఒక్క టోపీకి ఫెయిలు. ఇదంతా నా వాదనకే బలం.

కొత్త కిట్ ఖరీదని కొందరు మధ్యేమార్గం చెబుతారు, పాత మాజ్దా ఎంఎక్స్-5 కొని దాని ఇంజనూ సస్పెన్షనూ వాడి ఎక్సోసెట్ కిట్ కారు లాంటిది కట్టుకోమని. ఖర్చు తగ్గే మాట నిజం. ఆ పాత కారు విప్పే రోజుల్లో మీ దగ్గర ఒక తుప్పు బాడీ, ఒక కొత్త ఛాసిస్, రెంటి మధ్యా పరిచిన వెయ్యి ముక్కలు ఉంటాయి. అది 16 అడుగుల్లో చెయ్యొద్దు. ఈ మాటలో మాత్రం నట్టూబోల్టూ గారు కూడా నాతోనే ఉంటారనుకుంటా.

ఇంకో ప్రశ్న. మూడోగేరు గారూ, ఆ గ్యారేజీ గోడకి ఇల్లు వేడి చేసే గ్యాస్ బాయిలర్ ఉందా?

మూడోగేరు (రీడింగ్, యూకే)

ఉంది. ఫ్రీజర్ పక్కనే. ఎందుకు?

పాతసామాన్లు (లెస్టర్)

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. బాయిలర్‌లో మంట. ఇంటికి అతుక్కున్న గ్యారేజీ, పైన పిల్లాడి గది. మీ ఇష్టం.

నట్టూబోల్టూ (మిల్టన్ కీన్స్)

ఎంఎక్స్-5 విషయంలో ఆయనతోనే ఉన్నాను, పూర్తి కిట్టే తీసుకోండి. అన్నీ కొత్త ముక్కలైతే రిజిస్ట్రేషన్ కూడా ఆ ఏడాది నంబరుతోనే వస్తుంది, ఎక్కడెక్కడివో పాతవి కలిపితే క్యూ ప్లేటు (వయసు తేలని బండికిచ్చే నంబరు).

బాయిలర్ సంగతి అడగాల్సిన ప్రశ్నే, ఒప్పుకుంటాను. నాకు గుర్తు రాలేదు, మా బాయిలర్ వంటింట్లో ఉంది. కొన్ని బాయిలర్లు గాలిని బయటినుంచి పైపులో తీసుకుంటాయి, పాతవి కొన్ని ఆ గదిలో గాలే వాడతాయి. మీది ఏదో గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీరుని పిలిచి చూపించండి. ఏదైనా సరే, ట్యాంకులో పెట్రోలు బయటే పొయ్యండి, ఇంజను మొదటిసారి స్టార్ట్ చేసేది డ్రైవ్‌వేలోనే. లోపల స్టార్ట్ చేస్తే తలుపు తెరిచి ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా ఒక ఫోను చెయ్యండి.

ఆవకాయజాడీ (స్లౌ)

మా ఇంట్లో బాయిలర్ గ్యారేజీలోనే ఉండేది! ఈయన ఈ మాట నాకు చెప్పలేదు. సాయంత్రం రానీ.

మూడోగేరు (రీడింగ్, యూకే)

ఇంజనీరు వచ్చి వెళ్ళాడు. మాది గాలి బయటినుంచి తీసుకునే రకమేనట, అయినా పెట్రోలు బయటే పోస్తాను. ఇన్సూరెన్స్ వాళ్ళు రాతపూర్వకంగా అడిగారు, రాశాను, జవాబు రావాలి. అక్క చెప్పినట్టు నెలరోజులు గ్యారేజీ ఖాళీగా ఉంచుతున్నాను, ఇవాళ్టికి తొమ్మిదో రోజు. పిల్లాడు లోపల క్రికెట్ ఆడుతున్నాడు.

పాతసామాన్లు (లెస్టర్)

అంటే కట్టడానికే నిర్ణయించుకున్నారన్నమాట. సరే. అమ్మే రోజున నాకు ముందు చెప్పండి.

మూడోగేరు (రీడింగ్, యూకే)

తప్పకుండా. ఈలోపు చెస్ట్ ఫ్రీజర్ ఎవరికైనా కావాలా? బాగా పనిచేస్తోంది, డబ్బులొద్దు. రీడింగ్ వచ్చి తీసుకెళ్ళాలి, ఎత్తడానికి ఇంకో మనిషిని తెచ్చుకోండి.