1.8 టీఎస్ఐకి రీమ్యాప్ చేయించాలా, వద్దా?

ఆక్టేవియా_కడప

అందరికీ నమస్కారం. నాది 2018 స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ (టర్బో పెట్రోల్ ఇంజిన్), డీఎస్‌జీ గేర్‌బాక్స్, అంటే ఆటోమేటిక్. మూడేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇప్పటికి 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు వేపచెట్టు కింద బానెట్ ఎత్తితే మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా దాని దగ్గరే ఉంటాను.

ఏం చేసినా బయటికి కంపెనీ బండిలాగే కనపడాలని నా పట్టుదల. స్టిక్కర్లు, వెనక రెక్కలు, మోత పెట్టే సైలెన్సర్లు నాకు ఇష్టం లేదు. ఇంతవరకు మార్చింది టైర్లు, చక్రాలే. 205/55 ఆర్16 తీసి 225/45 ఆర్17 వేశాను. చక్రం మొత్తం ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లే పెరిగింది కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపదు. మలుపుల్లో బండి ఎంత కుదురుగా ఉందో చెప్పలేను.

ఇప్పుడు మనసు స్టేజ్ 1 రీమ్యాప్ మీద, అంటే ఇంజిన్ బలం పెంచే మొదటి మెట్టు మార్పు మీద పడింది. ఒక్క బోల్టు కూడా విప్పరు. ల్యాప్‌టాప్ తగిలించి ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) లెక్కలు మారుస్తారు, అంతే. బయటికి ఏమీ కనపడదు. నాకు కావాల్సిందీ అదే. కానీ మా నాన్న ఒకటే మాట అంటున్నాడు: "బాగా నడిచే బండిని ఎందుకు కెలుకుతావు?" మీరేమంటారు?

గుత్తి_హైవే

చేయించు తమ్ముడూ. నాదీ అదే బండి. 41 వేల దగ్గర చేయించాను, ఇప్పుడు 83 వేలు. వారానికోసారి అనంతపురం మీదుగా బెంగళూరు పోయి వస్తా. ఇంతవరకు ఒక్క వార్నింగ్ లైటు కూడా రాలేదు.

ఒక సంగతి చూడు. మన ఆక్టేవియాలో పవర్ 180 పీఎస్, టార్క్ (తిప్పే బలం) 250 ఎన్ఎమ్. ఇదే 1.8 ఇంజిన్ స్కోడా సూపర్బ్ మాన్యువల్‌లో 320 ఎన్ఎమ్ ఇచ్చేది. అంటే ఇంజిన్‌లో సత్తా ఉంది, కంపెనీయే కట్టేసింది. ఆ కట్టు విప్పడం తప్పెలా అవుతుంది? లారీని దాటేటప్పుడు 80 నుంచి 110కి పోయే ఆ మూడు నాలుగు సెకన్లలో తేడా తెలుస్తుంది. అది సరదా మాత్రమే కాదు, భద్రత కూడా.

కేసీ_కాలువ_కర్నూలు

గుత్తి అన్నా, కంపెనీ ఎందుకు కట్టేసిందో కూడా చెప్పాలి కదా. మన బండిలో ఉన్నది డీక్యూ200. ఏడు గేర్ల డ్రై క్లచ్ పెట్టె. దాన్ని తయారుచేసిందే 250 ఎన్ఎమ్ వరకు. ఇంజిన్ ఇంకా ఇవ్వగలదు, గేర్‌బాక్స్ మోయలేదు. అందుకే ఆటోమేటిక్‌కు కళ్లెం వేశారు, మాన్యువల్‌ను వదిలేశారు. ఆక్టేవియా స్పోర్ట్స్ మోడల్ వీఆర్ఎస్‌లో వచ్చిన డీక్యూ250 పెట్టె అయితే క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, వేడిని ఆయిల్ లాక్కుపోతుంది. మనదాంట్లో క్లచ్‌కు ఆ చల్లదనం లేదు. ట్రాఫిక్‌లో బండి పాకుతూ ఉంటే క్లచ్ సగం పట్టి సగం జారుతూ కాలుతుంది. దాని మీదికి ఇంకో 50, 60 ఎన్ఎమ్ ఎక్కిస్తే ఏమవుతుంది?

రెండోది, ఎండ. రీమ్యాప్ చేసేవాళ్లు చూపించే గ్రాఫ్ ఎక్కడిది? బెంగళూరులో, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, ఏసీ గదిలో తీసినది. మేలో మన దగ్గర 43, 44 డిగ్రీలు. పోయిన మేలో మా కర్నూలు సీ క్యాంపు దగ్గర మధ్యాహ్నం మూడింటికి సిగ్నల్‌లో ఆగి ఉన్నప్పుడు ఓబీడీలో (బండి సెన్సార్ల లెక్కలు చూపే రీడర్) చూశాను. ఇంజిన్ లోపలికి పోయే గాలి 64 డిగ్రీలుంది. గాలి అంత వేడెక్కితే నాకింగ్ (లోపల పెట్రోలు తనకు తానే పేలి ఇంజిన్ కొట్టుకోవడం) రాకుండా ఈసీయూ తనంతట తానే ఇగ్నిషన్ వెనక్కి లాగుతుంది (నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది), బలం తగ్గుతుంది. అంటే డబ్బు పెట్టి కొన్న బలంలో కొంత సంవత్సరంలో మూడు నెలలు చేతికే రాదు.

మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యం. రెండేళ్ల కింద రాయచోటి నుంచి కడపకు గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నా. ముందర నాపరాళ్ల లారీ. బ్రేకు తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం. నాలుగో మలుపుకల్లా పెడల్ మెత్తబడి, కాలు కింద తడిగుడ్డ తొక్కినట్టయింది. ఒళ్లు చల్లబడింది. మాన్యువల్ మోడ్‌లో రెండో గేరుకు దించి, పక్కకు తీసి అరగంట ఆగాను. ఇంటికొచ్చాక బ్రేక్ ఆయిల్ తీయిస్తే కాఫీ డికాషన్ రంగులో ఉంది. అది నాలుగేళ్లనాటిది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది. తేమ చేరేకొద్దీ మరిగే డిగ్రీ తగ్గుతుంది. వేడికి మరిగి ఆవిరైతే పెడల్ కింద ఏమీ ఉండదు. రెండేళ్లకోసారి మార్చాల్సిన దాన్ని నేను వదిలేశాను.

తమ్ముడూ, నీ సర్వీసు పుస్తకం తెరిచి బ్రేక్ ఆయిల్ తేదీ చూడు. ఆ తర్వాత రీమ్యాప్ మాట మాట్లాడుకుందాం.

ఎర్రగుంట్ల_రోజూ

రీమ్యాప్ సంగతి నాకు తెలీదు. ఎయిర్ ఫిల్టర్ సంగతి చెప్తా. నేను రోజూ సిమెంట్ ఫ్యాక్టరీల మధ్య తిరుగుతా. కంపెనీ చెప్పిన కిలోమీటర్లలో సగానికే పెట్టె విప్పితే మడతల్లో బూడిదరంగు పొడి నిండి ఉంటుంది, వేలితో తీస్తే సున్నిపిండిలా జారుతుంది. ఇంజిన్ ఊపిరి అక్కడే ఆగిపోతోంది. కొత్తది వేసిన రోజు నా భార్య కూడా అడిగింది, బండికి ఏం చేయించావని. ఇంకోటి, మోత కోసం ఓపెన్ కోన్ ఫిల్టర్ మాత్రం పెట్టొద్దు. బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది, దుమ్ము అదనం.

చట్టం_ముందు

ఎవరూ ఎత్తని విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కనపడదు కాబట్టి పట్టుబడను అనుకోవచ్చు. కానీ ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చిన రోజు, చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే క్లెయిమ్ నిలుస్తుందన్న నమ్మకం లేదు. నీది మాత్రమే కాదు, ఎదుటి బండివాడి గతి కూడా ఆలోచించాలి.

గుత్తి_హైవే

సార్, ఇన్సూరెన్స్ మాట ఒప్పుకుంటా, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ కర్నూలు అన్న గేర్‌బాక్స్ గురించి చెప్పింది సగమే. నేను కింది ఆర్‌పీఎమ్‌లో టార్క్ ఒక్కసారిగా దూకకుండా మ్యాప్ రాయించుకున్నా. పెంచింది పైన మాత్రమే. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగితే న్యూట్రల్‌కు తెస్తా, పాకనివ్వను. 95 ఆక్టేన్ పెట్రోలు తప్ప పోయించను. జాగ్రత్త తెలిసినవాడికి అది చాలు.

కేసీ_కాలువ_కర్నూలు

అన్నా, నీ జాగ్రత్తను కాదనను. కానీ నీది హైవే బండి. పై గేరులో గంటల తరబడి పోతుంది, క్లచ్‌కు పని లేదు. తమ్ముడిది ఊళ్లో బండి. ఏడు రోడ్ల కూడలిలో సాయంత్రం ఆటోల మధ్య పాకాలి. 250 దాటకుండా మ్యాప్ ఎవరైనా రాసిస్తే నాకూ అభ్యంతరం లేదు, థ్రాటిల్ చురుకైతే చాలు. 320 అంటే మాత్రం వద్దంటాను. క్లచ్ ప్యాక్, మెకట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) పోతే అయ్యే ఖర్చు రీమ్యాప్‌కు పెట్టినదానికి ఎన్ని రెట్లో కనుక్కో.

ఆక్టేవియా_కడప

అందరికీ థ్యాంక్స్. పుస్తకం తీసి చూశాను. బ్రేక్ ఆయిల్ చివరిసారి మార్చింది 2021లో, పాత ఓనర్ దగ్గర. ఇన్నాళ్లూ చక్రాల మీద పెట్టిన శ్రద్ధ దీని మీద పెట్టలేదు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె కూడా విప్పాను. ఎర్రగుంట్ల అన్న చెప్పినంత లేదు, కానీ అడుగున వేపాకులు, ఒక ఎండిన తూనీగ.

రీమ్యాప్ కోసం అనుకున్న బెంగళూరు ప్రయాణం ఇప్పటికి ఆపుకున్నా. ముందు డాట్ 4 బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, ఫిల్టర్ మారుస్తాను. మే నెలంతా గాలి వేడి, ఇగ్నిషన్ లెక్కల లాగ్ (రికార్డు) తీసి ఇక్కడే పెడతాను. గుత్తి అన్నా, అదే నెలలో నీ బండి లాగ్ కూడా పెట్టు, రెండూ పక్కపక్కన చూద్దాం.

బ్రేకుల్లో ఎయిర్ తీయడానికి లోపల కూర్చుని పెడల్ తొక్కే మనిషి కావాలి. ఆదివారం తను వస్తానని నాన్న అన్నాడు.